సంతకం కన్నా ముందు బంతిని చూడండి

ఈ నెల ఉత్తరాలన్నీ బేస్‌బాల్ బంతుల చుట్టూ తిరిగాయి. తప్పు నాదే. పోయిన నెల పాత దస్తావేజుల మీద చేవ్రాళ్ల గురించి రాస్తూ, మాటవరసకి నా దగ్గర బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ దొంగ సంతకం ఉన్న బంతి ఒకటి ఉందన్నాను. దాంతో అటకల మీంచి, గరాజుల్లోంచి బంతులన్నీ కిందికి దిగాయి.

కొత్తగా చదివేవారికి రెండు ముక్కల్లో నా సంగతి: కృష్ణా జిల్లాలో ఒక బ్యాంకు శాఖలో పద్నాలుగేళ్లు చెక్కులు పాస్ చేశాను. అంటే రోజూ వందల సంతకాలను నమూనా కార్డుతో సరిచూడటమే పని. 1992లో న్యూజెర్సీ వచ్చాక ఆ అలవాటు నన్ను వదలక బేస్‌బాల్ రూపంలో పట్టుకుంది. నాది వట్టి అభిప్రాయం. దాన్ని చూపించి ఏ వేలంపాటలోనూ మీరు బంతి అమ్మలేరు.

*అన్నయ్యగారూ, మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెడితే ఐదు డాలర్లకు ఒక పాత బేస్‌బాల్ కొన్నాను. దాని మీద ‘బేబ్ రూత్’ అని సంతకం ఉంది. సిరా వెలిసిపోయింది, తోలు పసుపుపచ్చగా మారింది. ఇలాంటివి లక్షల డాలర్లు పలికాయని చదివాను. మావారు నవ్వుతున్నారు గానీ నాకు మూడు రాత్రులుగా నిద్ర లేదు. బంతి మీద ఒక చోట ‘అఫీషియల్ అమెరికన్ లీగ్’ అనీ, ‘జోసెఫ్ ఇ. క్రోనిన్’ అనీ అచ్చు ఉంది. దీన్ని ఎవరికి చూపించాలి?*
— ఒక సోదరి, ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా, ఈ రాత్రి నుంచి హాయిగా పడుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

మన కరెన్సీ నోటు గుర్తు తెచ్చుకోండి. పది రూపాయల నోటు మీద రిజర్వ్ బ్యాంక్ గవర్నరు సంతకం అచ్చయి ఉంటుంది. ఆ గవర్నరు ఎవరో చూస్తే నోటు ఏ కాలానిదో తెలిసిపోతుంది. బేస్‌బాల్‌లోనూ అంతే. 1999 దాకా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు విభాగాలు, అమెరికన్ లీగ్‌కు, నేషనల్ లీగ్‌కు, వేరువేరు అధ్యక్షులు ఉండేవారు. పదవిలో ఉన్నవారి పేరు మ్యాచ్ బంతి మీద అచ్చు వేసేవారు. అమెరికన్ లీగ్ వరకు చెబుతాను: 1927 దాకా బాన్ జాన్సన్, 1931 దాకా ఎర్నెస్ట్ బర్నార్డ్, 1959 దాకా విలియం హారిడ్జ్, ఆ తరవాత 1973 దాకా మీ జోసెఫ్ క్రోనిన్. మేటి ఆటగాడు బేబ్ రూత్ 1948 ఆగస్టు 16న చనిపోయాడు. ఆయన పోయిన పదకొండేళ్లకు గాని క్రోనిన్ పేరు బంతి మీదికి ఎక్కలేదు. పరలోకం నుంచి వచ్చి సంతకం పెట్టాడని మీరు నమ్మితే తప్ప ఆ సంతకం రూత్‌ది కాదు.

పసుపు రంగును చూసి ముచ్చటపడకండి. వెనకటి రోజుల్లో సంతకం చెరిగిపోకుండా బంతికి లక్క వార్నిష్ పూసేవారు. కాలం గడిచేకొద్దీ అది పసుపుపచ్చగా మారేది. ఈ సంగతి దొంగలకూ తెలుసు. కొత్త బంతికి వార్నిష్ పూసి ముసలిదాన్ని చేస్తారు. టీ డికాక్షన్‌లో ముంచేవారూ ఉన్నారు.

మీరు చదివిన లక్షల మాట మాత్రం నిజమే. 1933లో జరిగిన మొట్టమొదటి ఆల్‌స్టార్ మ్యాచ్‌లో రూత్ కొట్టిన హోమ్‌రన్ బంతి, ఆయన సంతకంతో, 2006 వేలంలో 8,05,000 డాలర్లు పలికింది. కానీ అది చరిత్ర ఉన్న బంతి, పైగా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో తెలిసిన బంతి.

మిమ్మల్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు కాబట్టి ఇక ఆ మాంటిల్ కథ చెప్పాలి. 1998లో మా ఊరి దగ్గర ఒక మాల్‌లోని దుకాణంలో మికీ మాంటిల్ సంతకం ఉన్న బంతి చూశాను. నీలం బాల్‌పాయింట్ పెన్నుతో, స్వీట్ స్పాట్ మీద ముత్యాల్లాంటి సంతకం. స్వీట్ స్పాట్ అంటే రెండు కుట్ల వరసలు బాగా దగ్గరికి వచ్చే చోట అచ్చు లేకుండా ఖాళీగా ఉండే ఇరుకు జాగా. ఒక్కరే సంతకం పెట్టిన బంతికి అక్కడుంటేనే విలువ. నేను జేబులోంచి భూతద్దం తీశాను. ‘ఎం’ అక్షరం వంపు చూశాను, గీత ఎక్కడ నొక్కుకుందో, ఎక్కడ తేలిపోయిందో చూశాను. దుకాణదారుడు బంగారు ముద్ర ఉన్న సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు: 1991లో అట్లాంటిక్ సిటీలో నా కళ్లెదుట సంతకం చేశాడు, అని. బ్యాంకులో పద్నాలుగేళ్ల అనుభవం ‘పాస్ చెయ్యి’ అంది. రెండొందల డాలర్లు ఇచ్చేశాను.

రెండేళ్లు ఆ బంతి మా హాలులో దేవుడి పటం పక్కన ఉంది. ఒక ఆదివారం ఇంటికి వచ్చిన పన్నెండేళ్ల పిల్లవాడు దాన్ని చేతిలో తిప్పి, అవతలి వైపు అచ్చు చదివి, “అంకుల్, జీన్ బూడిగ్ 1994లో కదా అమెరికన్ లీగ్ అధ్యక్షుడయ్యాడు?” అన్నాడు. అవును, 1994లోనే. 1991లో సంతకం పెట్టించుకోవడానికి ఆ బంతి అసలు తయారే కాలేదు. నేను బంతికి ఒకవైపే చూశాను, రెండోవైపు తిప్పలేదు. తిరిగి వెళ్లేసరికి ఆ దుకాణం ఉన్న చోట చెప్పుల షాపు ఉంది.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. సంతకాన్ని ఆఖరున చూస్తాను. ముందు అచ్చు. ఆ తరవాత తోలు: 1974కు ముందు గుర్రం తోలు, ఆ తరవాత ఆవు తోలు. కుట్టు దారం: 1930ల మొదటి సగం దాకా రెండు రంగుల దారాలు ఉండేవి, ఆ పైన అంతా ఎరుపే. ఆ తరవాత సిరా. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా బజారులోకి వచ్చింది 1945 అక్టోబరు చివర్లో. రూత్ జట్టులోనే ఆడిన లూ గెరిగ్ 1941లోనే పోయాడు కాబట్టి, బాల్‌పాయింట్‌తో గెరిగ్ సంతకం కనిపిస్తే భూతద్దం తీసే పని కూడా లేదు. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. ఇవన్నీ దాటిన బంతి మీదే సంతకాన్ని చదవడం మొదలుపెట్టాలి.

మీ బంతిని పారేయకండి. సంతకం సంగతి ఎలా ఉన్నా, క్రోనిన్ కాలం నాటి అసలు లీగ్ బంతికి ఐదు డాలర్లు ఎక్కువేమీ కాదు. పక్క పలకల మీద సన్నగా వేరే పేర్లు ఉన్నాయేమో ఎండ వెలుగులో వాలుగా పట్టుకుని చూడండి. పెద్ద పేరు దొంగదై, దాని పక్కనే ఎవరికీ గుర్తులేని ఆటగాడి అసలు సంతకం ఉన్న బంతులు నేను చూశాను. ఇంకొకటి, పక్కింటి పెద్దాయనను దొంగలా చూడకండి. అరవైల్లో పదేళ్ల పిల్లవాడై ఉంటాడు. తన బంతి మీద తన దేవుడి పేరు తానే రాసుకుని ఉండొచ్చు.

*బాబాయిగారూ, ఆన్‌లైన్‌లో నోలన్ ర్యాన్ సంతకం ఉన్న బంతి నూట ఎనభై డాలర్లకు కొన్నాను. మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్ల సంఖ్య ఉన్న హోలోగ్రామ్ స్టిక్కరు అంటించి ఉంది. ఆ సంఖ్యను వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే వివరాలూ వచ్చాయి: 2022లో ఆర్లింగ్టన్ మ్యాచ్‌లో వాడిన బంతి అని. అయినా మా రూమ్మేటు ఇది దొంగది అంటున్నాడు. పందెం కాశాం.*
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇర్వింగ్, టెక్సస్

బాబూ, పందెం డబ్బు ఇద్దరూ వెనక్కి తీసుకోండి. హోలోగ్రామ్ అసలుదే కావచ్చు, సంతకం దొంగదీ కావచ్చు.

వెబ్‌సైట్‌లో వచ్చిన వాక్యాన్ని మళ్లీ చదువు. ‘మ్యాచ్‌లో వాడిన బంతి’ అంది. ‘ర్యాన్ సంతకం చేసిన బంతి’ అనలేదు. ఆ రోజు మైదానంలో ఉన్న ధ్రువీకరణ అధికారి బంతి ఆటలోంచి బయటికి వచ్చినప్పుడు చూశాడు, స్టిక్కరు అంటించాడు. అంతవరకే ఆయన సాక్ష్యం. ర్యాన్ 1993లోనే ఆట మానేశాడు కాబట్టి ఆ మ్యాచ్‌లో ఆయన ఆడే ప్రసక్తే లేదు. బంతి బయటికి అమ్ముడుపోయిన తరవాత దాని మీద ఎవరు పెన్ను పెట్టారో ఆ స్టిక్కరుకు తెలియదు. ఆటలో వాడిన బంతిని చవగ్గా కొని, పైన పెద్ద పేరు రాసి, హోలోగ్రామ్‌ను చూపించి అమ్మడం తెలివైన మోసం. ఎందుకంటే కొన్నవాడు సంఖ్యను సరిచూసుకుంటాడు, అది సరిపోతుంది, నీలాగే తృప్తిపడతాడు. సంతకం సాక్షి ముందే జరిగి ఉంటే ఆ మాట వివరాల్లోనే ఉంటుంది. ఒకే సంఖ్యను పది స్టిక్కర్ల మీద అచ్చువేసే ఘనులూ ఉన్నారు కనుక, సంఖ్య దొరికిందా అని కాకుండా వర్ణన నీ చేతిలోని వస్తువుతో అక్షరం అక్షరం కలుస్తోందా అని చూడాలి.

ఈ హోలోగ్రామ్ ఏర్పాటు 2001లో వచ్చింది. అది రావడానికి ముందు జరిగిన కథ చెప్పకుండా ఉండలేను. తొంభైల్లో శాన్ డియేగో పాడ్రెస్ ఆటగాడు టోనీ గ్విన్ సొంత జట్టు అంగట్లో తన పేరుతో ఉన్న సంతకాలు చూసి, ఇవి నావి కావన్నాడు. అప్పటికే ఎఫ్‌బీఐ ఈ వ్యాపారం వెనకపడుతోంది. ఆ దర్యాప్తుకు ‘ఆపరేషన్ బుల్‌పెన్’ అని పేరు. 1999 అక్టోబరులో ఒక్కసారిగా దాడులు చేస్తే, దొంగ సంతకాలు పెట్టేవారు, దొంగ సర్టిఫికెట్లు అచ్చువేసేవారు, వాటిని దేశమంతా పంచేవారు గొలుసుగా దొరికారు. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం ఉన్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! ఆ తల్లి బేస్‌బాల్ ఎందుకు పట్టుకుంటుందని ఏ కొనుగోలుదారూ అడగలేదు. సర్టిఫికెట్ ఉంది కదా మరి. అందుకే మేజర్ లీగ్ తన సాక్షులుగా పోలీసు శాఖల్లో పనిచేసినవారిని, చేస్తున్నవారిని పెట్టుకుంది.

ఇక పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ వంటి సంతకాలు పరిశీలించే సంస్థల పత్రాలు వేరే రకం. సంతకం జరిగినప్పుడు సాధారణంగా వాళ్లు అక్కడ ఉండరు. తరవాత నమూనాలతో పోల్చి అభిప్రాయం చెబుతారు. బ్యాంకులో నేను చేసిన పని కూడా అదే. చాలావరకు సరిగ్గానే చెబుతారు, అప్పుడప్పుడు తప్పుతారు. కానీ ఏ ఊరూ పేరూ లేని ‘అంతర్జాతీయ ధ్రువీకరణ సంఘం’ పత్రం కన్నా బజారులో వీళ్ల మాటకే విలువ. పంపే ముందు రుసుము చూసుకో. ఆటగాడి పేరును బట్టి అది మారుతుంది. ర్యాన్ ఇప్పటికీ జీవించి ఉన్నాడు, ధారాళంగా సంతకాలు చేసే మనిషి. రుసుము, పోస్టు, బీమా కలిపితే సాక్షి ముందు సంతకం చేసిన బంతినే కొత్తగా కొనుక్కోవచ్చేమో లెక్క వేసుకో.

నువ్వు పంపిన బంతి ఫోటో పెద్దది చేసి చూశాను. ‘నోలన్’ మొదలుపెట్టిన చోట సిరా చుక్క కట్టింది. మధ్యలో రెండుసార్లు పెన్ను ఎత్తి మళ్లీ ఆనించిన జాడ ఉంది. వేల సంతకాలు చేసినవాడి చెయ్యి బంతిని తాకకముందే కదులుతూ ఉంటుంది, బంతిని వదిలాక కూడా ఆగదు. అందుకే గీత మొదలు, చివర రెండూ సూదిమొనల్లా ఉంటాయి. నీ బంతి మీద గీత మొద్దుగా మొదలై మొద్దుగా ఆగింది. అమ్మినవాడు వాపసు తీసుకునే గడువు ఇంకా ఉంటే ఈ రోజే పంపించెయ్.

*అయ్యా, 2004లో మేం సియాటిల్‌లో ఉన్నప్పుడు అక్కడి జట్టు ఆటగాడు ఇచిరో మా అబ్బాయికి బంతి మీద వాడి పేరు రాసి సంతకం చేసి ఇచ్చాడు. ఇప్పుడు నేను రిటైరై విశాఖలో ఉంటున్నాను. బంతి హాలులో అద్దాల బీరువాలో ఉంది. నల్ల మార్కర్ అక్షరాల అంచులు పాకినట్టు కనిపిస్తున్నాయి. పైన వార్నిష్ వేయించనా? పోయిన చోట సన్నగా దిద్దించనా?*
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

అయ్యా, రెండూ వద్దు. ముఖ్యంగా దిద్దించకండి. ఒక్క గీత దిద్దినా అది ఇచిరో సంతకం కాకుండా పోతుంది.

తోలు మీద మార్కర్ సిరా పాకడం మామూలే. అందుకే తెలిసినవాళ్లు బంతికి నీలం బాల్‌పాయింట్ వాడతారు. మీ విషయంలో సముద్రపు గాలి, కిటికీ ఎండ రెండూ తోడయ్యాయి. పాకిన సిరాను వెనక్కి తేలేం, ఇకముందు పాకకుండా చూడగలం. అతినీలలోహిత కిరణాలను ఆపే యాక్రిలిక్ డబ్బాలు దొరుకుతాయి. బంతిని అందులో పెట్టి, ఎండా ట్యూబ్‌లైటూ తగలని చోటికి మార్చండి. ఇనప్పెట్టెలో మాత్రం పెట్టకండి, వానాకాలంలో బూజు పడుతుంది. డబ్బా ఉన్న అరలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, అప్పుడప్పుడు మార్చండి. పట్టుకోవాల్సి వస్తే కుట్ల మీదే పట్టుకోండి, చేతి చెమట తోలుకు మచ్చ వేస్తుంది.

వెల సంగతి మీరు అడగలేదు గానీ, అడగాలనుకున్నారని తెలుసు. 2004లో ఇచిరో ఒకే సీజన్‌లో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి జార్జ్ సిస్లర్ పేరున ఉన్న 257 రికార్డును దాటాడు. 2025లో మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఆయనకు 394 ఓట్లలో 393 పడ్డాయి. 2004 నాటి సంతకానికి గిరాకీ ఉంటుంది. అయితే మీ అబ్బాయి పేరు ఉండటం వల్ల బజారులో ధర తగ్గుతుంది, పరాయివాడు ఆ పేరున్న బంతిని తన బీరువాలో పెట్టుకోడు. ఆ పేరు ఉన్నందువల్లే మీ ఇంట్లోంచి అది కదలదనుకుంటాను.

*సార్, పీట్ రోజ్ 4,256 హిట్లతో అందరికన్నా పైన ఉన్నాడు, ఆయన సంతకం అంత ఖరీదు కాదు. షూలెస్ జో జాక్సన్ సంతకం ఉన్న ఒక్క ఫోటో పదిహేను లక్షల డాలర్ల దగ్గరకు వెళ్లిందట. ఇద్దరినీ ఆట నుంచి బహిష్కరించినవారే కదా, ఈ తేడా ఏమిటి?*
— ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్

మీ శాస్త్రమే జవాబు చెబుతుంది సార్. 1989లో బహిష్కరణ పడ్డాక రోజ్‌కు సంతకమే జీవనోపాధి అయింది. లాస్ వేగాస్ దుకాణాల్లో ఏళ్ల తరబడి బల్ల ముందు కూర్చుని వచ్చినవారికల్లా రాసిచ్చాడు. ‘బేస్‌బాల్ మీద పందెం కాసినందుకు క్షమించండి’ అని కూడా డబ్బు తీసుకుని రాశాడు. 2024లో చనిపోయేనాటికి ఆయన సంతకాలు సముద్రం.

జాక్సన్ దక్షిణ కరోలినాలో బడికి వెళ్లకుండా చిన్నప్పుడే మిల్లులో పనికి వెళ్లినవాడు. చదవడం, రాయడం రాలేదు. అభిమానుల ఉత్తరాలకు సాధారణంగా భార్య కేటీ ఆయన పేరు రాసి పంపేది. తానే పెట్టక తప్పనప్పుడు, ఆమె రాసిచ్చిన మచ్చు చూసి బొమ్మ గీసినట్టు గీసేవాడు. మీరు చెప్పింది 1911 నాటి ఫోటో, 2021లో 14,70,000 డాలర్లు పలికింది. ఆయన వీలునామా కథ ఇంకా వింత. 1951లో జాక్సన్, కొన్నేళ్లకు కేటీ పోయాక, ఆస్తి దక్కిన ధార్మిక సంస్థలు ఆ వీలునామా కాగితాన్ని మాకివ్వండి అని 1990ల్లో కోర్టుకెక్కాయి. సంతకం కోసమే. అది ప్రభుత్వ రికార్డు, కదలడానికి వీల్లేదని కోర్టు చెప్పింది.

ఇంతకుముందు ఇర్వింగ్ అబ్బాయికి చెప్పిన సూత్రం ఈ జాక్సన్ దగ్గర తలకిందులవుతుంది. గీత మొద్దుగా మొదలై ఆగి ఆగి నడిస్తే దొంగది అన్నాను. జాక్సన్ అసలు సంతకమే ఆగి ఆగి నడుస్తుంది. చకచకా, అందంగా ఉన్నది కేటీది కావచ్చు.

ఇది నాకు బేస్‌బాల్ నేర్పిన పాఠం కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక ముసలి రైతు చెక్కును ‘సంతకం తేడా’ అని వాపసు చేశాను. అక్షరాలు వంకరగా, గీతలు వణుకుతూ ఉన్నాయి, ఎవరో చూసి గీసినట్టు తెలిసిపోతోంది. మేనేజరుగారు ఆయన్ని లోపలికి పిలిపించి, కుర్చీ వేసి, తెల్ల కాగితం ఇచ్చారు. ఆయన పంచెకు చెయ్యి తుడుచుకుని, పెన్నును గుప్పిటతో పట్టుకుని, ఒక్కో అక్షరానికి ఊపిరి బిగబట్టి గీశాడు. ఒక్క తలకట్టూ లేదు. అన్ని అక్షరాలూ అయ్యాక వెనక్కి వచ్చి, నారుమడిలో మొక్కలు లెక్కపెట్టినట్టు ఎడమ నుంచి కుడికి తలకట్లన్నీ ఒక్కసారిగా పెట్టాడు. మేనేజరుగారు నమూనా కార్డును నా వైపు తోశారు. తలకట్లు అక్షరాలకు అంటకుండా, రవ్వంత ఎత్తులో, ఒకే వాలుగా ఉన్నాయి. నేను వాపసు చేసిన చెక్కు మీద కూడా అలాగే ఉన్నాయి.